అందరి ఇళ్ళ పాలు తాగిన సిస్టరమ్మ

లిదియక్కా, ముందు నీకు ఒక మాట. నా రాత కోడి గెలికినట్టు ఉంటుంది. ఒత్తులు పడాల్సిన చోట పడవు, అక్కర లేని చోట పడతాయి. తప్పులుంటే క్షమించి, నువ్వే సరిచేసుకొని చదువు. నాలుగో తరగతి తరువాత నేను బడి మొఖం చూడలేదు. నిలబడి నాలుగు మాటలు చెప్పమని కాలనీ కమిటీవాళ్ళు అంటే అక్కడికక్కడే చెమటలు పట్టాయి. అందుకే దవాఖానలో నర్సువైన నీ గొంతు అరువు అడుగుతున్నాను. నేను మా అత్తమ్మ వెనుక కూర్చుంటాను, చదివేటప్పుడు నా దిక్కు చూడకు. ఎక్కడ ఆగాలో అక్కడ రాసి పెట్టాను. సభకు చదవాల్సింది ఇక్కడి నుంచి.

సభను నడిపిస్తున్న హెడ్మాస్టరు రాజేశ్వర్ రావు గారికి, మెడ నిండా దండలతో ఉక్కపోస్తున్నా తీయకుండా కూర్చున్న మా సువార్తమ్మ సిస్టరుగారికి, దవాఖాన డాక్టరమ్మ గారికి, కుర్చీల్లో ఉన్న పెద్దలకు, వెనుక చాపల మీద పిల్లలను ఒడిలో వేసుకొని కూర్చున్న అక్కలకు, చెల్లెళ్ళకు, కిటికీ బయట నిలబడి చూస్తున్నవాళ్ళకు కూడా, చేతులు జోడించి నమస్కారం చేస్తున్నాను.

నా పేరు సారలమ్మ. లక్ష్మీనర్సమ్మ కోడలిని. హన్మకొండ సుబేదారిలో నీళ్ళ ఆఫీసులో అటెండరుగా పనిచేసే ఆయన భార్యను. (అక్కా, మా ఆయన పేరు నువ్వే చెప్పు. నేను రాయను.)

మన సిస్టరమ్మ ఈ రోజుతో దవాఖాన కొలువు దిగుతున్నారు. ఆమె ఉంటున్న క్వార్టరు కొత్తగా వచ్చే సిస్టరుకు ఇవ్వాలి కనుక ఎల్లుండి ఖాళీ చేస్తారు. ములుగు అవతలి ఊరి నుంచి ఆమె తమ్ముడు ఇస్సాకు గారు జీపు తీసుకొని వస్తారు, సామాను ఎక్కించుకొని పోతారు. మనమంతా శాలువా కప్పి, పండ్లు ఇచ్చి, పంపించడానికే ఇక్కడ కూడామని అందరూ అనుకుంటున్నారు. నేను మాత్రం ఆ జీపు ఉత్తగా తిరిగి పోవాలని ఈ కాగితం రాశాను. అది ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనుక నుంచి రావాలి. ఓపిక పట్టండి.

నేను పెళ్ళయి ఈ కాలనీకి వచ్చేనాటికి ఇది కాలనీ కాదు. జొన్న చేలు కోసేసి, ప్లాట్లు చేసి, హద్దురాళ్ళు పాతిపెట్టిన ఎర్రమట్టి బయలు. గుట్ట కింద దవాఖాన, దాని వెనుక క్వార్టర్లు, ఇటు రోడ్డు పక్కన హెడ్మాస్టరు గారి స్లాబు ఇల్లు, పాండురంగం బాపు కిరాణా దుకాణం, ఇంకా అక్కడొకటి ఇక్కడొకటి రేకుల ఇళ్ళు. మాది ఏటూరునాగారం దగ్గర అడవిలో చిన్న ఊరు. అక్కడ ఏ ఇంటికి పోయినా చుట్టాలే, ఏ గడప ముందు నిలబడ్డా పేరు పెట్టి పిలిచేవాళ్ళే. ఇక్కడ పాండురంగం బాపు దుకాణం వెనుక ఒక్క అర్రలో కిరాయికి దిగాం. ఇవతలి పక్క పరకాలవాళ్ళు, అవతలి పక్క నర్సంపేటవాళ్ళు, ఎదురుగా ఖమ్మం దిక్కువాళ్ళు. ఒకరి కూర వాసన ఒకరికి కొత్త. ఒకరి మాట ఒకరికి వింత. పగలంతా తలుపు దగ్గరగా వేసుకొని, బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ, ఏరడానికి రాళ్ళు అయిపోతే మళ్ళీ మొదటి నుంచి ఏరుకుంటూ కూర్చునేదాన్ని. (ఇక్కడ ఆడవాళ్ళు నవ్వుతారు, ఆగు.)

అట్లా ఉన్నప్పుడు ఒకరోజు పొద్దున తెల్లచీర కట్టుకొని ఒక పెద్దామె తలుపు నెట్టి, గడప మీదే నిలబడి అడిగింది.

"ఏ ఊరు బిడ్డా?"

చెప్పాను.

"ఏటూరునాగారమా? మరి గంత దూరంకెల్లి వచ్చి ఇట్ల తలుపేసుకొని కూసుంటే గాలి ఎట్లాడుతది? బోరింగు కాడికి రా. నీళ్ళు రాకున్నా సరే రా. మనుషులు వస్తరు."

ఆ మాట పట్టుకొని బిందె తీసుకొని బయటికి వచ్చాను. ఆ రోజు నుంచి ఈ కాలనీ నాది అయింది. తరువాత తెలుసుకున్నాను, ఆమె ఆ మాట నన్ను ఒక్కదాన్నే అడగలేదు. ఇక్కడ కూర్చున్న ఆడవాళ్ళలో ఆమె నోట 'ఏ ఊరు బిడ్డా' అని వినని వాళ్ళు ఉంటే చెయ్యి ఎత్తండి. (అక్కా, ఎవరూ ఎత్తరు. కొంచెం ఆగి చదువు.)

జనాభా లెక్కలకు హెడ్మాస్టరు గారే వచ్చి ఇంటింటా రాసుకున్న సంగతి మీకు యాదిలో ఉందా? మా గుమ్మం దగ్గర కుర్చీ వేసుకొని కూర్చొని, చాయ్ తాగుతూ మా అత్తమ్మతో అన్నారు.

"ఏందమ్మా లక్ష్మీనర్సమ్మా, ఎవరి ఇంటికి పోయినా పుట్టిన ఊరేదంటే ములుగంటరు, భూపాలపల్లంటరు, తొర్రూరంటరు. హన్మకొండల పుట్టిన మనిషి ఒక్కడు దొరకలేదు నాకు ఇప్పటిదాక."

మా అత్తమ్మ ఊరుకునే మనిషి కాదు.

"ఎందుకు దొరకలే సారూ, గా చెడ్డీలు లేకుంట ఉరుకుతాన్నరు సూడు, వాళ్ళంతా ఈడ పుట్టినోళ్ళే. సిస్టరమ్మ చేతుల పడ్డోళ్ళే."

అప్పుడు సారు నవ్వి అన్న మాట కాలనీ అంతా పాకింది. "అయితే ఈ కాలనీకి జనం రెండు దారులల్ల వచ్చిన్రన్నట్టు. సగం మంది ములుగు బస్సుల, సగం మంది సిస్టరమ్మ చేతుల." (సారు తన మాట తానే విని నవ్వుతారు. అందరూ నవ్వేదాకా ఆగు.)

ఆ మాటలో పరాచికం ఎంత ఉందో నిజమూ అంతే ఉంది. కొత్తగా ఆఫీసులు వచ్చాయని, యూనివర్సిటీ వచ్చిందని, కోర్టు పనికి దగ్గరని, పిల్లల చదువులని, ఊళ్ళో వానలు లేవని, ఒక్కొక్కరు ఒక్కో కారణంతో ఇక్కడికి చేరాం. ముందు ఒక్క అర్రలో కిరాయికి, తరువాత రెండు అర్రల్లో, తరువాత ఎట్లాగో ఒక ప్లాటు, ఆ ప్లాటులో ముందు గోడలు, గోడల మీద రేకులు, కొన్నేళ్ళకు రేకులు తీసి స్లాబు. గోడలకు బయట సిమెంటు పూయకముందే లోపల దిగిపోతాం. స్లాబు మీద ఇనుప చువ్వలు అట్లాగే వదిలేస్తాం, ఎప్పుడైనా మీద ఇంకో అంతస్తు వేయకపోతామా అని. ఇప్పుడైతే ఆ చువ్వలకు దండెం కట్టి బట్టలు ఆరేసుకుంటున్నాం. ఏ ఇల్లు చూసినా ఇంకా పెరుగుదామన్నట్టే ఉంటుంది. గుట్ట మీదికి ఎక్కి చూస్తే కాలనీ అంతా చువ్వలే.

ఇప్పుడు పాల ముచ్చట చెప్పాలి. ఇది ఈ కాలనీవాళ్ళందరికీ తెలిసిందే, కాని డాక్టరమ్మ గారు కొత్తగా వచ్చారు కనుక ఆమె కోసం చెబుతున్నాను. నేను ఇక్కడికి రాకముందు జరిగింది, హెడ్మాస్టరు గారి ఇంటామె శకుంతలమ్మ గారు చెప్పగా విన్నది.

ఈ ఏరియాలో మొదటి స్లాబు ఇల్లు హెడ్మాస్టరు గారిది. ఇంట్లోకి దిగే రోజు మూడు ఇటుకలు పెట్టి, పొయ్యి అంటించి, పాలు పెట్టారు. ఆ వేడుక చూసి పోదామని పరకాల నుంచి వచ్చిన సారు మరదలికి ఇంకా నెల దినాల గడువు ఉండగానే నొప్పులు మొదలయ్యాయి. ఎవరో దవాఖానకు ఉరికారు. సిస్టరమ్మ వచ్చి అందరినీ బయటికి పంపి తలుపు వేసుకున్నారు. పొయ్యి మీద పాలను చూసేవాళ్ళు ఎవరూ లేరు. అవి పొంగీ పొంగీ పొయ్యి ఆరిపోయింది. లోపల నుంచి పిల్ల ఏడుపు వినిపించింది. కొత్త ఇంట్లో ముందుగానే పురుడు అయిందే, మైల అంటుతుందే అని సారు తల్లిగారు గుబులు పడుతుంటే సిస్టరమ్మ చేతులు కడుక్కొని వచ్చి అన్నారట.

"ఏం ఫికర్ చేయకు పెద్దమ్మా. మీరు లక్ష్మిని పటంల తెచ్చుకున్నరు, ఆమె మనిషై వచ్చింది. నా నోరెండిపోతాంది, జర గిన్నెల మిగిలిన పాలుంటే పొయ్యిన్రి."

ఆ ఇంటి మొదటి గ్లాసు పాలు అట్లా ఆమె తాగారు. ఆ తరువాత సారుకు ప్రమోషను వచ్చింది, ఇంటి ముందుకు రోడ్డు వచ్చింది, బోరింగులో నీళ్ళు పడ్డాయి. ఇవన్నీ ఆ గ్లాసు మహిమే అని శకుంతలమ్మ గారు బోరింగు దగ్గర చెప్పారు. ఇంకేముంది. ఆ తరువాత ఇల్లు కట్టిన ప్రతివాళ్ళూ పాలు పొంగాక మొదటి గ్లాసు సిస్టరమ్మకే అన్నారు. దేవునికి చూపెట్టి, వెంటనే ఆమె చేతికే. ఆమె దేవుడు వేరని ఎవరూ అనుకోలేదు. ఆమె గ్లాసు పట్టుకొని కళ్ళు మూసుకొని పెదవులు కదిపేవారు. ఏం అడిగేవారో ఆమెకే తెలుసు. కళ్ళు తెరిచి గుటగుటా తాగి, "పాలు చిక్కగున్నయి, ఇల్లు చల్లగుంటది" అని దీవించేవారు.

పాండురంగం బాపు దుకాణం మీద ఇల్లు వేసుకొని దిగిన రోజు నేను అక్కడే ఉన్నాను. బాపు ముహూర్తం విషయంలో ఎంత పట్టింపు మనిషో మీకు తెలుసు, ఉప్పు పొట్లం కట్టాలన్నా దిక్కు చూస్తారు. (నవ్వుతారు.) పాలు పొంగాయి. సిస్టరమ్మ రాలేదు, దవాఖానలో ఎవరికో కాన్పు అవుతున్నది. అయ్యగారు గడియారం చూసుకుంటూ "ముహూర్తం దాటిపోతాంది పాండురంగం, కానియ్" అంటే, బాపు చల్లగా చెప్పారు.

"దాటనియ్యి పంతులూ. ముహూర్తం మళ్ళొకటి పెట్టుకుందాం. సిస్టరమ్మను మళ్ళొకామెను యాడికెల్లి తేవాలె?"

ఎండ నెత్తికెక్కేదాకా అట్లాగే నిలబడ్డాం. ఆమె చెమటలు కారుతూ వచ్చి, చల్లారిపోయి మీగడ కట్టిన పాలు తాగారు. మీగడ మీసం తుడుచుకోకుండానే దీవించారు.

పోయిన ఏడు మేం కూడా మా ప్లాటులో ఇల్లు వేసుకున్నాం. రెండు అర్రలు, వంట అర్ర, రోడ్డు దిక్కు ఒక ముంగటి అర్ర. ఈ కాలనీలో రోడ్డు దిక్కు అర్ర అంటే దాని అర్థం అందరికీ తెలుసు, అది కిరాయికి. మా ఇంటి పాలు తాగాక సిస్టరమ్మ ఇల్లంతా తిరిగి చూశారు. ముంగటి అర్రలో కిటికీ దగ్గర చాలా సేపు నిలబడ్డారు. "ఈ కిటికిల వెలుతురు మస్తుగ వస్తాంది బిడ్డా. ఎవలుంటరో గని, అదృష్టవంతులు" అన్నారు. ఆ మాట నాకు మళ్ళీ యాదికి వస్తుందని అనుకోలేదు.

ఆమె క్వార్టరులో కిటికీ కింద ఒక కుట్టుమిషను ఉంటుంది. మీరంతా చూసే ఉంటారు. పాత మెత్తటి చీరలు అడిగి తీసుకొని, ఈ కాలనీలో పుట్టిన ప్రతి బిడ్డకూ దాని మీదే చిన్న అంగీ కుట్టి ఇచ్చారు. నేను కుట్టు నేర్చుకున్నది దాని మీదే. నూనె వేయడం దగ్గర నుంచి దారం ఎక్కించడం దాకా చూపెట్టారు. "నీకు మాట రాకున్నా చెయ్యి వస్తది బిడ్డా, అది చాలు" అనేవారు. సుఖమైనా దుఃఖమైనా ఆ మిషను తొక్కుకుంటూనే చెప్పేవారు. ఒకసారి మీ ఊరికి పోరా సిస్టరమ్మా అంటే, చక్రం ఆపి అన్నారు.

"పోత బిడ్డా, పండుగకు పోత. తమ్ముడు, మరదలు మంచోళ్ళే. కొత్త చాప వేసి కూసోపెడ్తరు, కోడిని కోస్తరు. గని, నన్ను చుట్టమోలె చూస్తరు. చుట్టమోలె ఎన్ని దినాలుంటం?"

ఇంతదాకా నేను చెప్పింది మీ అందరికీ తెలిసిన సంతోషం. ఇప్పుడు చెప్పేది కొంచెం కష్టం. (అక్కా, ఇక్కడ నీళ్ళు తాగు. నెమ్మదిగా చదువు.)

పోయిన నెల ఒకరోజు పగటిపూట సిస్టరమ్మ మా ఇంటికి వచ్చారు. మా అత్తమ్మ ముంగటి అర్రలో కూర్చొని ఉంది. నేను లోపల బియ్యం కడుగుతున్నాను. మాటలు వినిపిస్తున్నాయి.

"లక్ష్మీనర్సమ్మా, ఈ అర్ర కిరాయికిస్తమంటున్నరట గద. నాకెరుకైనామె ఒకామె ఉన్నది. పెద్దామె. నెమ్మదస్తురాలు."

"ఎంతమంది ఉంటరు?"

"ఒక్కతే."

"ఒక్కతేనా? మొగదిక్కు లేదా? పిల్లలు?"

"ఎవరు లేరు."

"వద్దు సిస్టరమ్మా, నువ్వు చెప్పినంక కాదనబుద్ధి కాదు గని, కాదంటున్న. ఒంటి మనిషి, అండ్ల పెద్దామె అంటున్నవు. రేపు జెరమొస్తే ఆమెను పట్టుకొని దవాఖాన చుట్టు మనమే తిరగాలె. బ్యాంకుల చేసే పిలగాడు అడిగిపోయిండు. మొగుడు పెండ్లాం ఇద్దరే, లొల్లి లేదు."

"అట్లనా. మంచిదే, వయసు పిల్లలుంటే ఇల్లు కళగుంటది." మెట్ల దాకా పోయి వెనుకకు తిరిగి, "లక్ష్మీనర్సమ్మా, ఆ కిటికి కింద మిషను పడ్తదా?"

"ఏం మిషను?"

"ఏం లేదు. ఊకెనే అడిగిన."

నా చేతిలో బియ్యం చేతిలోనే ఉండిపోయాయి. బయటికి వచ్చి పలకరిద్దామని లేచాను. తలుపు సందులోంచి చూస్తే ఆమె చెప్పులు వేసుకొని, మోకాలి మీద చెయ్యి పెట్టుకొని, మా మెట్లు ఒక్కొక్కటే దిగి పోతున్నారు.

మరునాడు బోరింగు దగ్గర సరస్వతక్క, అదే పాండురంగం బాపు ఇంటామె, మాటల్లో మాటగా అన్నది. "సిస్టరమ్మ ఎవలో ముసలామెకు అర్ర అడుగుతాంది. మేము లేదన్నం. ఒంటి మనుషులకు ఇయ్యొద్దని ఆయన పట్టు." పక్కనే ఉన్న శకుంతలమ్మ గారు, "మమ్ముల గూడ అడిగింది. ఆఫీసోళ్ళకే ఇయ్యాలనుకున్నమని చెప్పిన" అన్నారు. ఇద్దరి మాటల్లో చెడ్డతనం ఏమీ లేదు. ఎవరో తెలియని మనిషి గురించి ఎవరైనా అట్లాగే అంటారు. ఈ కాలనీలో కిరాయికి ఇచ్చే ప్రతి ఇంటివాళ్ళూ అవే ప్రశ్నలు అడుగుతారు, మమ్మల్నీ అడిగారు, ఇల్లు వేసుకున్నాక మేమూ అడుగుతున్నాం. ఎంతమంది, ఏ ఆఫీసు, ఎవరన్నట్టు, అంటే ఏ కులమని. 'ఏ ఊరు బిడ్డా' అని ఊరికే అడిగింది ఆమె ఒక్కతే.

తన కోసమే అడుగుతున్నానని ఆమె ఎందుకు చెప్పలేదని నేను చాలా ఆలోచించాను. చెప్పి ఉంటే ఈ కాలనీలో ఒక్క ఇంటివాళ్ళయినా కాదంటారా? అనరు. అందుకే చెప్పలేదు. తన మొఖం చూసి ఇవ్వడం కాదు, ఒంటరి పెద్దామెకు ఇక్కడ చోటు ఉందా లేదా అని ఆమె తెలుసుకోవాలనుకున్నారు. తెలుసుకొని, ఎవరినీ ఒక్క మాట అనకుండా, ఇస్సాకు గారికి జీపు తెమ్మని కబురు పెట్టారు.

(అక్కా, ఇక్కడ సిస్టరమ్మ తల వంచుకొని ఉంటారు. చూడకుండా చదువు.)

ఆ సాయంత్రం మా అత్తమ్మ చేటలో పప్పు చెరుగుతుంటే పక్కన కూర్చొని చెప్పాను.

"అత్తమ్మా, నిన్న సిస్టరమ్మ అడిగిన పెద్దామె ఎవరో ఎరుకేనా?"

"ఎవలే?"

"సిస్టరమ్మనే."

చేట ఆగింది. "నీకెవలు చెప్పిన్రు?"

"ఎవలు చెప్పలే. కిటికి కింద మిషను పడ్తదా అన్నది గద. అర్ర అడగ వచ్చిన మనిషికి మిషను ముచ్చటెందుకు? ఈ కాలనీల మిషను ఉన్న పెద్దామె ఇంకెవలున్నరు?"

పప్పులో చెయ్యి పెట్టి అట్లాగే కూర్చుంది. మా అత్తమ్మ గొంతు ఈ కాలనీలో అందరికీ తెలుసు, బోరింగు దగ్గర ఆమె మాట్లాడితే దవాఖాన దాకా వినిపిస్తుంది. ఆ రోజు ఆ గొంతు నాకే సరిగా వినిపించలేదు.

"దవాఖాన చుట్టు మనమే తిరగాలె అన్ననా నేను? ఇన్నేండ్ల సంది మన కోసం దవాఖాన చుట్టు తిరిగిన మనిషిని పట్టుకొని? గీ నోటితోనే అన్ననా?"

"తెల్వక అన్నవు అత్తమ్మా. పా, ఇప్పుడే పోయి చెప్పుదాం."

"నేను రాను. ఏ మొఖం పెట్టుకొని రావాలె. ఇంట్ల అనుకున్న మాటైతే ఇంట్ల కడుగుదుము. నలుగురి ఇండ్లల్ల అన్న మాట నలుగురిలనే కడగాలె. వచ్చే నెల ఆమె కొలువు దిగేనాడు సభ పెడ్తాన్నరు గద, నువ్వే చెప్పు."

"నాకు నోరు రాదు అత్తమ్మా, నీకు తెల్వదా."

"నోరున్నదాన్ని నేనేం జేసిన్నో చూస్తివి గద. నోరు లేనిదానివే చెప్పు."

మా ఆయనను అడిగితే, "నన్నేం అడుగుతరు, అర్రలు ఊడ్చేది మీరిద్దరు, తాళంచెవి మీ కొంగులల్ల ఉంటది" అన్నారు. అది ఒప్పుకున్నట్టే అని మా ఇంట్లో లెక్క. (నవ్వుతారు. మా ఆయన లేచి బయటికి పోతారేమో, పోనియ్.) బ్యాంకు తమ్ముడికి కూడా మా అత్తమ్మే స్వయంగా పోయి చెప్పింది. ఆయన భార్యకు ఇప్పుడు ఏడో నెల. సంగతి విని ఆ అమ్మాయే, "సిస్టరమ్మ పక్కింట్ల ఉంటదంటే మాకు మీ అర్ర ఎందుకు అత్తమ్మా, మీ పక్కన ఏదన్నా చూడున్రి చాలు" అన్నదట. మాకు దగ్గరలోనే పాండురంగం బాపు మేడ మీద అర్ర ఖాళీగా ఉంది, వాళ్ళు అందులో దిగొచ్చు. బాపూ, తల దించుకోకండి. మీరు సిస్టరమ్మ కోసం ముహూర్తాన్ని దాటనిచ్చిన మనిషి. ఇక్కడ తల దించుకోవాల్సినవాళ్ళు ఎవరూ లేరు. తెలియక అన్నాం. ఇప్పుడు తెలిసింది.

సిస్టరమ్మా, ఇక నేను మీతోనే మాట్లాడుతున్నాను.

ఈ కాలనీలో ఇల్లు లేనివాళ్ళం వచ్చి ఇళ్ళు వేసుకున్నాం. అందరి ఇళ్ళ తొలి పాలూ మీరు తాగారు, అందరి ఇళ్ళూ చల్లగా ఉండాలని దీవించారు. మీ పేరున మాత్రం ఒక్క పొయ్యి మీద కూడా పాలు పొంగలేదు. క్వార్టరులో దిగిన రోజు పాలు పొంగించుకున్నారా అని నేను ఒకసారి అడిగితే, "క్వార్టరు మనదా బిడ్డా, సర్వీసుది" అన్నారు. ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకొని ఉండిపోయింది.

మా ముంగటి అర్ర ఊడ్చి, కడిగి, సున్నం వేశాం. కిటికీ కింద కొలిచి చూశాను. మిషను పడుతుంది. పక్కన ఒక స్టూలు కూడా పడుతుంది, నేను వచ్చి కూర్చోవడానికి. మెట్లు ఎత్తుగా ఉన్నాయని ఆ రోజు మీరు దిగుతుంటే చూశాను. మా ఆయన మిగిలిన ఇటుకలతో మధ్యలో ఇంకో మెట్టు కట్టించారు. డిసెంబరు వస్తే మా ఇంటి ముందర మీ నక్షత్రం కడతాం, బతుకమ్మ పండుగకు మీరు మా వాకిట్లో కూర్చొని పూలు అందించాలి. కిరాయి సంగతి నేను మాట్లాడను. ఊరికే ఉండడానికి మీరు ఒప్పుకోరని తెలుసు. మీరూ మా అత్తమ్మా తేల్చుకోండి, మీ ఇద్దరికీ బేరం ఆడడం అంటే ఇష్టమే. ఇల్లు ఇచ్చేవాళ్ళు షరతులు పెట్టాలి గదా, మా అత్తమ్మ కూడా ఒకటి పెట్టింది. మీకు జ్వరం వస్తే దవాఖాన చుట్టూ ఆమె ఒక్కతే తిరుగుతుందట. ఇంకెవరినీ తిరగనివ్వదట. (అక్కా, ఇక్కడ నవ్వుతారో ఏడుస్తారో నాకు తెలియదు. ఎట్లా అయినా ఆగు.)

మీరు పోతే ఏమవుతుందో కూడా చెబుతాను. గుట్ట వెనుక మళ్ళీ హద్దురాళ్ళు పాతుతున్నారు. లారీల్లో ఇటుక వస్తున్నది. రేపు ఎక్కడెక్కడి నుంచో ఇంకా ఎందరో వస్తారు, వాళ్ళలో నాలాంటి పిల్ల ఎవరో ఒక అర్రలో తలుపు వేసుకొని ఏరిన బియ్యమే ఏరుకుంటూ కూర్చుంటుంది. ఇళ్ళు కట్టడానికి మేస్త్రీలు ఉన్నారు. వచ్చిన మనిషిని ఏ ఊరు బిడ్డా అని అడగడానికి మీరు ఒక్కరే ఉన్నారు. కొలువు దిగారు, మంచిది, సంతోషం. ఆ అడిగే పని మాత్రం దిగకండి. మీ ఊళ్ళో మీరు చుట్టం. ఇక్కడ మేమంతా వచ్చినవాళ్ళం, మీరే ఈ ఊరు.

ఇస్సాకు గారికి ఎల్లుండి జీపు తెమ్మనే చెప్పండి. మీ ఇనుప మంచాన్ని, మిషనును అంత దూరం మోయడానికి కాకపోయినా, క్వార్టరు నుంచి మా ఇంటి దాకా మోయడానికి పనికి వస్తుంది. అక్క ఇల్లు చూసి, భోంచేసి పోతారు.

తాళంచెవి మా అత్తమ్మ కొంగుకు కట్టి ఉంది. ఈ మాట చదివేసరికి ఆమె లేచి నిలబడాలని మా ఇద్దరి ఒప్పందం. ఆమె లేవలేకపోతే, కొంగు విప్పి నేనే లేస్తాను. సభలో లేచి నడవడం నాకు ఇదే మొదలు, ఎవరూ నవ్వకండి.

రేపు పొద్దున మా ముంగటి అర్రలో మూడు ఇటుకలు పెడతాం. పాలు సిస్టరమ్మ చేతే పోయిస్తాం. అవి పొంగాక మొదటి గ్లాసు ఎవరికి అనేది ఆమె ఇష్టం. మా అత్తమ్మ మాత్రం తనకే ఇవ్వమని అడగమన్నది. ఆ పాలు తాగితే తన నోటి మాట కడిగినట్టు అవుతుందని ఆమె నమ్మకం.

నా తప్పుల తడక మాటలను ఓపికగా విన్న పెద్దలందరికీ, ఈ సభ పెట్టిన కమిటీవారికి, తన గొంతు నాకు ఇచ్చిన లిదియక్కకు కృతజ్ఞతలు. పోయి రండి అని చెప్పాల్సిన సభలో రండి అని చెప్పి, సెలవు తీసుకుంటున్నాను.

లిదియక్కా, సభకు చదవాల్సింది అయిపోయింది. ఇది నీ ఒక్కదానికే. ఈ కాగితాన్ని ఎవరికీ చూపెట్టకు, నర్సుల గదిలో గోడకు అంటించకు, నా ఒత్తులు చూసి అంతా నవ్వుతారు. మడిచి నీ జాకెట్టులో పెట్టుకో. రేపు పొద్దున నువ్వూ రా. మా ఇంటి వెనుక కట్టెలు ఇంకా కొంచెం పచ్చిగా ఉన్నాయి, తొందరగా అంటుకోవు. పాల కింద ముందుగా దీన్నే పెట్టి కాల్చెయ్యి.